మూడింటి రీడింగు

రాత్రి మూడింటికి లేచి చెరువు ఊపిరి చూస్తాను.
మీటరు వైరు నీళ్లలోకి వదిలి
టార్చి నోట కరుచుకుని
అంకె నిలబడేదాకా గట్టు మీద గొంతుక్కూర్చుంటాను.
నాలుగు. పర్లేదు.
మూడుకి దిగితే మిగతా ఏరియేటర్లూ వెయ్యాలి,
కరెంటు పోతే జనరేటరు,
జనరేటరు మొరాయిస్తే ఇక పై వాడే.

పదకొండేళ్లుగా రాస్తున్న పుస్తకం.
తేదీ, పీహెచ్, ఉప్పు, మేత ఎన్ని కిలోలు,
చెక్ ట్రేలో ఎంత మిగిలింది.
మేత మిగిలిందంటే రొయ్యకి ఒంట్లో బాలేదన్నమాట.
గంటలో కనిపెట్టేస్తాను.
ఇంట్లో కంచం ముందు
మూడు ముద్దలకే లేచిపోయేవాణ్ణి
ఎవరు కనిపెట్టారో నేను చూసుకోలేదు.

పోయిన శ్రావణం, ముసురులో, తెల్లమచ్చ వచ్చింది.
ఐదెకరాలు. డెబ్భై రోజుల పంట.
నాకంటే ముందు కాకులకి తెలిసింది.
ఏడుపు రాలేదు.
బ్లీచింగు చల్లించాను,
కూలీలకి లెక్క కట్టాను,
మేత కొట్టుకెళ్లి బాకీకి గడువు అడిగాను.
"మగాడివి, నీకేంటోయ్, వచ్చే పంటకి లాగేస్తావ్"
అన్నాడు కొట్టు సూర్నారాయణ.
నవ్వాను కూడా.

ఆ తర్వాత నిద్ర పోయింది.
నేను నిద్రపోవడం కాదు, నిద్రే పోయింది.
ఏరియేటర్లు ఆపేసిన చెరువుకి కూడా
మూడింటికి మెలకువొచ్చేది.
ఉప్పుటేరు మీంచి గాలి,
చూడ్డానికి ఏమీ లేని నీళ్లు.
ఆ నీళ్లతో నేనేం మాట్లాడానో
ఇక్కడ రాయను.

ఐసు లారీ పల్లాలరావు
ఆకివీడు రోడ్డు మీంచి నా టార్చి వెలుగు చూశాడు.
పంట లేని చెరువు మీద టార్చేంటని
బండి ఆపి గట్టు దిగి వచ్చాడు.
ఏమీ అడగలేదు.
ప్లాస్కు మూతలో టీ పోశాడు, ఒట్టి పంచదార పాకం.
చొక్కా అంతా ఐసు తడి, రొయ్య పొట్టు వాసన.
చాలాసేపటికి
"ఎన్నాళ్లయిందిరా పడుకుని?" అన్నాడు.
చెప్పబోయాను. లెక్కలు నాకు వచ్చు.
నోట్లో అంకె నిలబడలేదు.

లారీ ఇంజను అలా మోగుతూనే ఉంది.
ఎవరికీ వినపడకూడదనే ఆపలేదని
ఎన్నాళ్లకో చెప్పాడు.

భీమవరం డాక్టరమ్మ దగ్గరికి ఆ లారీలోనే వెళ్లాం,
వెనక ఐసు కరుగుతూ
దారంతా చుక్కలు కారుతూ.
పేరు పిలిస్తే లేవడానికి భయం,
మా ఊరోళ్లు ఎవరైనా ఉన్నారేమోనని.
ఉన్నాడు.
కిటికీ పక్క కుర్చీలో కొట్టు సూర్నారాయణ.
చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టి
జేబులో దాచుకున్నాడు.
"వచ్చావా" అన్నాడు.
"వచ్చానండి" అన్నాను.
బాకీ మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి మంగతాయారుకి మాత్రలు చూపించాను.
ఆవిడ గోడ మీద కేలండరు తీసుకొచ్చింది,
పాల లెక్క రాసేది.
ప్రతి తేదీ కింద పెన్సిలు చుక్కలు.
నేను లేచి వెళ్లిన రాత్రులట.
శ్రావణం నుంచి కార్తీకం దాకా
ఒక్క రోజు ఖాళీ లేదు.
"అడుగుదామనే అనుకున్నాను,
ఏ మొహం పెట్టుకుని అడగను,
మీరు పొద్దున్నే నవ్వుతుంటే" అంది.

చిన్నదాని స్కేలు తెచ్చి
మేత గడి పక్కన ఇంకో గడి ఆవిడే గీసింది.

పడుకున్న గంటలు అందులో రాస్తున్నాను.
మొన్న ఐదున్నర.
మంగళవారం రెండు, వాన.
కొన్ని రోజులు రాయబుద్ధి కాదు, రాయను.
చెరువులో మళ్లీ పిల్ల వేశాం,
మూడెకరాలే.
మాత్ర వేసుకుంటే నోరు చేదు,
వేసుకోకపోతే తాయారు చూపు చేదు.

నిన్న రాత్రి రీడింగు తీసి వచ్చేసరికి
పుస్తకం తెరిచి ఉంది.
నా గడి అంచున, చోటు చాలక
వంకర అక్షరాలు:
"పల్లాలు - ఒకటి."
గట్టు మీద నాకు వీపు పెట్టి నిలబడ్డాడు,
రోడ్డు వంక చూస్తూ.

ఏంట్రా అని అడగలేదు.
ప్లాస్కు మూత తీశాను.
ఇంజను ఆపొద్దన్నాను.